శాంతమ్మ బర్రెకు చూపు పోయినప్పుడు

2012లో నేను మైలార్‌దేవ్‌పల్లి దగ్గర పశువుల డాక్టరుగా పనిచేసేదాన్ని. ఊరు కొత్త. ఆరాంఘర్‌లో అద్దె గది. పశువుల్ని తోలుకొచ్చేవాళ్లతో తప్ప రోజంతా ఎవరితోనూ మాటలుండేవి కావు.

ఆ ఎండాకాలం శాంతమ్మ అనే పెద్దావిడ కబురు చేస్తే వెళ్లాను. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. ఉన్న ఒక్క బర్రె పాలు చుట్టుపక్కల ఇళ్లకు పోస్తుంది. నేను వెళ్లేసరికి బర్రె తలను గోడకు నొక్కిపెట్టి నిలబడి, పళ్లు కొరుకుతోంది. కళ్ల ముందు చెయ్యి ఆడించినా రెప్ప వెయ్యలేదు.

“నిన్నటి సంది గిట్లనే ఉన్నది డాక్టరమ్మా. తొట్టి కాడికి పోమంటే గోడకు గుద్దుకుంటున్నది.”

“మేత ఎక్కడిదమ్మా?”

“కాల్వ పక్కపొంటి గడ్డి. మా గల్లీల అందరం ఆడనే కోస్తం.”

వెళ్లి చూశాను. కాలువకు ఎగువన పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఉంది. బర్రె రక్తం, గడ్డి, మట్టి ల్యాబుకు పంపి, రిపోర్టు కోసం ఆగకుండా చీలేషన్ మొదలుపెట్టాను. రక్తంలోని సీసాన్ని పట్టి మూత్రంలో బయటికి పంపే ఇంజెక్షన్లవి. మూడింటిలోనూ సీసం ఉందని రిపోర్టు వచ్చింది. మట్టిలోని సీసాన్ని గడ్డి వేళ్లు కొంత పీల్చుకుంటాయి. ఆకులకు అంటిన బురదతో ఇంకా ఎక్కువ కడుపులోకి పోతుంది. అక్కడి నుంచి ఎముకల్లోకి, పాలల్లోకి.

“పాలు పొయ్యొద్దు, మీరూ తాగొద్దు,” అన్నాను.

ఆ పూటే ఆమె ఇల్లిల్లూ తిరిగి ఉన్న సంగతి చెప్పేసింది. దాంతో ఆ గల్లీలో పాలమ్ముకుని బతికే మిగతావాళ్ల పాలు కూడా ఎవరూ కొనలేదు. నేను షెడ్డు గురించి పైఅధికారికి కాగితం రాసి, నా పని అయిపోయిందనుకున్నాను.

రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్తే శాంతమ్మ బర్రె పక్కన కూర్చుని ఉంది.

“నా వాకిట్లకు ఒక్కరు వస్తలేరు బిడ్డా. చర్చిల గూడ నా పక్కన కూసుంటలేరు. నేనేమన్న అబద్ధం చెప్పిన్నా?”

“లేదమ్మా.”

“మరి నువ్వొచ్చి చెప్పరాదా? నేను చెప్తే పగ పెట్టుకొని చెప్పినట్టున్నది.”

అప్పుడే రిపోర్టు పట్టుకుని ఒక్కో ఇంటికీ వెళ్లాను. “నీకేంది మేడమ్, రేపు ట్రాన్స్‌ఫర్ అయితే పోతవ్,” అని ఒకాయన తలుపేసుకున్నాడు. మూడిళ్లవాళ్లు తమ పశువుల రక్తం తీసుకోనిచ్చారు. వాటిలోనూ సీసం ఉంది. అప్పుడు నమ్మారు. మెల్లగా ఆ గడ్డి కొయ్యడం మానేశారు. నేనున్నన్నాళ్లూ షెడ్డు మాత్రం నడుస్తూనే ఉంది.

బర్రెకు చూపు చాలావరకు తిరిగొచ్చింది. కోతకు కొంటానని ఒక బేరగాడు వస్తే, కాలేయంలో, ఎముకల్లో సీసం ఉంటుందని నేను చెప్పిన మాట గుర్తుపెట్టుకుని శాంతమ్మ అతన్ని తిప్పి పంపింది. “తినేటోళ్లు గూడ మనుషులే గదా,” అంది.

అప్పటి నుంచి రిపోర్టును యజమాని చేతిలో పెట్టి వచ్చేయడం మానేశాను. పక్కిళ్లకు తెలియాల్సిన మాటైతే ముందు నేనే వెళ్లి చెబుతాను. శాంతమ్మ విషయంలో రెండు వారాలు ఆలస్యం చేశాను. ఆమెతో మాట మానేసినవాళ్లు, నాకు బదిలీ అయ్యేనాటికి కూడా మాట్లాడటం లేదు.