దేవుని బస్తా

మా ముత్తాత మాలీపటేల్. చండ్రుగొండ అవతల అడవి అంచు దాకా ఆయన మాట చెల్లేది. శిస్తు వసూలుకు వచ్చిన అధికారి కూడా మా అరుగు కింద చెప్పులు విడిచాకే పైకెక్కేవాడట. ఆ ఇంట్లో మొదట బాప్తిస్మం తీసుకున్నది మా తాత. ఊళ్లో చర్చి కట్టిన స్థలం ఆయన ఇచ్చిందే, గోడల రాయి మా బండ్ల మీద తోలించిందే. గొప్పకు చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోవచ్చు. గొప్పకే చెబుతున్నాను. మొన్న పొద్దున ఇద్దరు కుర్రాళ్లు బండి మీద వచ్చి నా చేతిలో రంగుల కాగితం ఒకటి పెట్టారు. యువజన కూడిక అట. 'టీనేజ్‌లో దేవునికే మొదటి స్థానం' అని పైన పెద్ద అక్షరాలు, కింద భోజనాల దాతగా మా చిన్నాయన ఫొటో. మా నాన్నకు సొంత తమ్ముడాయన. "దేవునికి మొదటి స్థానం ఇచ్చిన పిల్లను మీ దాత ఏం చేసిండో ఎరికేనా?" అన్నాను. వాళ్లకేం తెలుసు, పాపం. మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయారు. వాళ్లకు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ఆ పిల్ల మా అన్న బిడ్డ. మా అన్న దాని చిన్నతనంలోనే పోయాడు. ఇంటి పెత్తనం చిన్నాయనది కాబట్టి, కొత్తగూడెంలో దాని ఇంటర్ చదువుకూ హాస్టలుకూ ఆయనే కట్టేవాడు. అప్పటికి దానికి పదహారేళ్లు. భక్తి మా ఇంట్లో అందరికీ ఉండేది, ఆదివారం ఇస్త్రీ బట్టలతో పాటు తొడుక్కునేవాళ్లం. ఈ పిల్లకు మాత్రం సోమవారం కూడా ఉండేది. బస్టాండులో మిర్చి బజ్జీల పొట్లం పట్టుకుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది, ఆమెన్ అనేలోపు స్నేహితురాళ్లు సగం ఖాళీ చేసేవాళ్లు. ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చాక, టికెట్ కొట్టిన ఊరికి ఒక్క స్టాపు ముందుకు పోవాల్సి వస్తే లేచి ఇంకో టికెట్ అడిగేది. "పైసల్లేని టికెట్‌కు గూడ గింత నిజాయితీ ఏంది తల్లీ!" అని కండక్టర్ దండం పెట్టాడట. మా అమ్మకు షుగరు. దవాఖానాలో డాక్టరు తీపి తింటున్నారా అని అడిగితే, అమ్మ లేదని తల అడ్డంగా ఊపి మనవరాలి వైపు గుడ్లురిమి చూసింది. "పొద్దున బెల్లం తిన్నది సార్" అందీ పిల్ల. ఆటోలో ఇంటికొచ్చేదాకా అమ్మ ఒకటే సణుగుడు: "దీన్ని ఇంట్ల పెట్టుకుంటే పోలీస్ స్టేషన్ల కాపురమున్నట్టే ఉంది." అందరం నవ్వుకున్నాం. దాని భక్తికి నష్టపోయింది బెల్లం ముక్క ఒక్కటే అయినన్నాళ్లూ అది మాకు ముద్దుగానే ఉంది.

మా ఊళ్లో కోతల పండుగ మిర్చి ఏరివేత అయ్యాక వస్తుంది. ఎవరికి పండింది వాళ్లు చర్చికి తెస్తారు. గుమ్మడికాయలు, కందులు, కాళ్లు కట్టిన కోళ్లు, ఒకటో రెండో మేకపిల్లలు. ఆరాధన నడుమ కోడి కూసిందంటే పాస్టరుగారు ప్రసంగం ఆపి నవ్వాల్సిందే. చివర అన్నిటినీ వేలం వేస్తారు, వచ్చిన డబ్బు చర్చికి. అందులో మొదటి వేలం ఎప్పుడూ మా ఇంటి మిర్చి బస్తాదే. దాన్ని దేవుని బస్తా అంటాం. బయటి చెయ్యి పడకుండా, తలస్నానం చేసిన ఇంటి పిల్ల ఎవరో ఒకరు దాని మూతి కుట్టాలి. ఆ బస్తాను వేలంలో పాడి దక్కించుకునేది కూడా మేమే. పటేలింటి బస్తా పరాయి ఇంటికి పోవడం నామోషీ. మా తాత ఆ బస్తాకు కాయ కాయా వెలుగులో చూసి ఏరేవాడు. ఇంటికి తిరిగొచ్చాక ఆ కారంతోనే పెట్టిన ఆవకాయ రంగు నా కళ్లలో ఇంకా ఉంది. బస్తా మా ఇంట్లోంచి వెళ్లి మా ఇంటికే వస్తుంది గనక ఊళ్లో దాన్ని విప్పి చూసినవాడు లేడు. మా చిన్నాయన బుర్రకు ఆ సంగతి తట్టింది.

ఆ ఏడు ధర పడిపోయింది. కళ్లంలో ఎర్రకాయ ఒక కుప్ప, తెల్లబారిన తాలుకాయ ఒక కుప్ప ఆరబోసి ఉన్నాయి. ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు అవతల టార్పాలిన్ పట్టాల గుడిసెల దగ్గర వంట చేసుకుంటున్నారు. మంచికాయ ఒక్క బస్తా అయినా అమ్మకానికి మిగలాలని, పండుగ ముందురోజు చిన్నాయన పిల్లను పిలిచి, అడుగున తాలు పోసి పైన జానెడు ఎర్రకాయ పరిచి కుట్టమన్నాడు. పిల్ల దబ్బనం పట్టుకుని నిలబడిపోయింది.

"తాతా, ఇది దేవునికి గద?"

"దేవుడేమన్న కారం తింటడా? మనమే పాడుకుంటం, మనమే తెచ్చుకుంటం. దాంట్ల ఏమున్నదో ఎవనికి తెలుస్తది?"

"నాకు తెలిసింది గద."

"బాగ తెలిసింది తియ్. జల్దీ కుట్టు."

పిల్ల కుట్టలేదు. దబ్బనం ఆయన చేతికిచ్చి ఇంటికి వచ్చేసింది. ఆయనే కుట్టుకున్నాడు. ఇదంతా అది నాకు తర్వాత చెప్పిన మాట.

మర్నాడు చర్చిలో వేలం మొదలైంది. చిన్నాయన అలవాటు ప్రకారం గొంతెత్తి పాడాడు. ఎప్పుడూ లేనిది వాగవతలి గూడెం ఆడవాళ్లు పోటీకి వచ్చారు. తలా కొంత వేసుకుని, ఏడాదికి సరిపడా కారం పట్టించుకుని పంచుకుందామని వాళ్ల ఆశ. "పటేలింటి కాయ, కళ్లు మూసుకోని తీస్కోవచ్చు" అంటోంది వాళ్లలో పెద్దావిడ. ధర పెరుగుతున్న కొద్దీ చిన్నాయన మొహం విప్పారింది. పాట బాగా పైకి పోయాక, తాలుకు అంత సొమ్ము తాను కట్టడం దేనికనుకున్నాడో ఏమో, గప్‌చుప్‌గా కూర్చున్నాడు. బస్తాను వాళ్లకే వదిలేస్తున్నాడు. అప్పుడు చాప మీద నుంచి మా అన్న బిడ్డ లేచింది. గూడెం పెద్దావిడ వైపు తిరిగింది. "అత్తా, పాడకు. అడుగున తాలున్నది."

"ఏయ్, కూసో!" అన్నాడు చిన్నాయన. మా ఇంటి బస్తా మీద అనుమానం వస్తే విప్పాల్సింది మా ఇంటివాళ్లే. గుమ్మడికాయల పక్కనున్న కత్తి తీసుకుని కుట్లు కోసి, బస్తాను నేలమీద బోర్లించాను. ఎర్రది పైన పరిచిన జానెడే. మిగతాదంతా తాలు, బూజు వాసన. ఆ ఘాటుకు పాస్టరుగారు ఆశీర్వాదం చెబుతూ ప్రతి మాటకూ తుమ్మారు. ఎవరికీ నవ్వు రాలేదు.

ఇక్కడిదాకా జరిగినదానికి నాకు సిగ్గే తప్ప కోపం లేదు. కోపం ఆ సాయంత్రానిది. సంఘ పెద్దలు మా ఇంటికి వచ్చారు. చిన్నాయనను మందలించడానికే అనుకుని కుర్చీలు వేయించాను. వాళ్లు పిల్లను పిలిపించారు. ఆడపిల్ల సంఘంలో లేచి పెద్దవాళ్ల పరువు తీయొచ్చా అన్నారు. పెద్దల్ని సన్మానించడం కూడా ఆజ్ఞే కదమ్మా అన్నారు పాస్టరుగారు, చర్చి పైకప్పుకు రేకులు చిన్నాయన వేయిస్తానన్న సంగతి మరిచిపోకుండా. చివరికి దారి కూడా వాళ్లే చూపించారు. వచ్చే ఆదివారం పిల్ల సంఘం ముందు నిలబడి, తాలు నింపింది కూలీలని, తాను పొరబడ్డానని చెబితే చాలట. కూలీలు ఎటూ అవతలి రాష్ట్రం వాళ్లు, వాళ్ల తరఫున అడిగేవాళ్లెవరూ లేరు.

"చెప్తె నీ చదువు నీకుంటది. చెప్పకుంటె హాస్టల్ పెట్టె ఇంటికొస్తది" అన్నాడు చిన్నాయన.

మా వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఒక్క మాట బిడ్డా. ఒక్క మాటతోని అయిపోతది" అంది.

"అవ్ అమ్మా, ఒక్క మాటనే. వాళ్లు దొంగలైపోతరు" అంది పిల్ల. తర్వాత పెద్దల వైపు తిరిగి, "తాతను క్షమించమని నేను గూడ ప్రార్థన చేస్తున్న సార్. కానీ గది మాత్రం చెప్ప" అంది. అంతమంది పెద్దమనుషుల్లో ఒక్కడికైనా తల వంగుతుందేమోనని చూశాను. టీ గ్లాసులు కింద పెట్టి లేచారు.

ఆదివారం పిల్ల చర్చికి వెళ్లింది, నోరు విప్పలేదు. సోమవారం హాస్టలు పెట్టె ఇంటికొచ్చింది. అన్న వాటా అడిగితే, ఉమ్మడిలో వాటాలెక్కడివన్నాడు చిన్నాయన. నా వాటా మాత్రం మా నాన్న బతికుండగానే నా పేర రాయించాడు. ఆ వారమే పిల్లనూ వదిననూ అమ్మనూ తీసుకుని ఆ ఇల్లు దిగాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు, తొక్కను. తొక్కకూడదని పిల్ల మాత్రం అనదు. క్రిస్మస్‌కు కేకు పట్టుకుని తాత దగ్గరికి పోయొస్తుంది. నాకంత క్షమ లేదు, ఉన్నట్టు నటించను.

ఇప్పుడది ఖమ్మంలో నర్సింగు చదువుతోంది. ఏళ్లు గడుస్తున్న కొద్దీ ఊరు చిన్నాయనకు మళ్లీ దండలు వేస్తోంది, ఆ పిల్లను మరిచిపోతోంది. కాలం న్యాయం చేస్తుందని నన్ను ఓదార్చేవాళ్లకు ఒకటే చెబుతాను: కాలానికి మా ఊరివాళ్లకున్నంత జ్ఞాపకమే ఉంది. హాస్టలు పెట్టె ఇంటికొచ్చిన ఆ వేసవిలోనే, దాని ఫీజులకు, నా పేర ఉన్న చెలక మొత్తం, బోరుతో సహా, తల్లాడ వ్యాపారి ఒకాయనకు అమ్మాను.