చాపలు పదకొండే అని రాయలేదు

ఆ ఒక్క వాక్యం టైపు చేసింది నేనే. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీదో కాదు, నా మీదే.

తొంభైల్లో బిలాస్‌పూర్‌లో, నడుం పట్టేసిన రైల్వేవాళ్ళ చేత వ్యాయామం చేయించే ఉద్యోగం నాది. రోజుకో గంట క్లాసు. పట్టాల పని చేసే గ్యాంగ్‌మేన్లు దగ్గర్లోని కోటా అనే ఊరి నుంచి కూడా పాసింజరు పట్టుకుని వచ్చేవారు. ఈ వ్యాయామం నిజంగా పనిచేస్తోందో లేదో పరీక్షించి వైద్య పత్రికకి రాద్దామన్నారు మా పెద్ద డాక్టరు. సరే అన్నాను. నా గదిలో చాపలు పదకొండు. అందుకని పదకొండు మందికి వ్యాయామం, ఇంకో పదకొండు మందికి ఉత్త వేడి కాపడం. శాస్త్రమట శాస్త్రం, నా మొహం! చాపలే మా శాస్త్రం.

మూడు నెలలు కొలిచాం. ముందుకి వంగితే వేళ్ళు నేలకి ఎంత దూరంలో ఆగుతున్నాయో టేపు పెట్టి చూడ్డమే. వ్యాయామం చేసినవాళ్ళు కాస్త మెరుగే గానీ, అంత కొద్దిమందిలో అది నిజం తేడానో, ఊరికే అలా పడిందో చెప్పలేం. తేడా రుజువు కాలేదని రాసి పంపాం. పత్రికవాళ్ళు తిరుగు ఉత్తరం రాశారు: ఇరవై రెండు మంది సరిపోతారని ముందుగా ఎలా లెక్కకట్టారు, అది కూడా రాయండి అని.

"చాపలు అన్నే ఉన్నాయని రాసేద్దాం సార్. ఈ కొద్దిమంది చాలరని కూడా రాద్దాం," అన్నాను.

"నవ్విపోతారమ్మాయ్! లెక్కకట్టే తీసుకున్నాం, సరిపోతారు అని ఓ ముక్క రాసి పారెయ్. అందరూ రాసేదేగా," అన్నారు.

పుస్తకంలో సూత్రం తీసి, జవాబు ఇరవై రెండు వచ్చేలా అంకెలు ఆయనే కుదిర్చారు. పొద్దుట్నుంచీ డ్యూటీ చేసి నిలబడే ఓపికే లేదు నాకు, ఇంక వాదించడం కూడానా. టైపు చేసేశాను.

అచ్చయింది. రైల్వే ఆఫీసువాళ్ళు చదివారు. సరిపడా మందిని చూసి మరీ ప్రయోజనం కనబడలేదన్నారు కదా, ఇంక ఈ క్లాసు ఎందుకని ఆపించేశారు. వాళ్ళని ఏమని తప్పుపట్టను? మేం రాసిందే చదివారు పాపం. చాలినంత మందిని చూడలేకపోయామని రాసుంటే క్లాసు ఇంకొన్నాళ్ళు నడిచేదేమో.

ఆఖరి రోజు ఒక పెద్దాయన మాత్రం వెళ్ళకుండా గుమ్మంలో నిలబడ్డాడు. మా శ్రీకాకుళం వైపు మనిషే. రోజూ పట్టాల వెంట నడిచి, బోల్టులు బిగువుగా ఉన్నాయో లేదో చూసే కీమేన్.

"ఏటమ్మా, నాకు తగ్గిందనుకున్నదంతా ఉత్తిదేనా?" అన్నాడు.

అబద్ధం చెప్పడానికి కూడా విసుగేసింది.

"ఉత్తిదని తేలలేదు బాబాయ్, నిజమనీ తేలలేదు. మాకే తెలీదు. తెలిసినట్టు రాసేశాం."

ఆయన తిట్టినా బాగుండేది. నెమ్మదిగా వంగి చెప్పులేసుకున్నాడు.

"సూడని బోల్టుని సూసీసినానని నాను రాసీస్తే, బండి పడిపోద్ది కదమ్మా," అన్నాడు.