రాని రోగానికి మాత్ర

మల్కాపురం ఎరువుల గోడౌన్లో కలాసీ గవర్రాజుకి త్రినాథరావు జత. బస్తాకి చెరో కొస పట్టి లారీలోకి విసరడం వాళ్ల ఉద్యోగం. జత లేనివాడికి ఆ పూట కూలి లేదు. ఆ కూలిలోంచే గవర్రాజు నెలనెలా రెండు వేల పైచిలుకు పెట్టి మద్దిలపాలెంలో ఓ సీసా కొంటాడు. ఎయిడ్స్ రాకుండా రోజుకో మాత్ర. వచ్చేశాకైతే సర్కారువారు ఊరికే ఇస్తారు; రాకముందే జాగ్రత్తపడే దుబారా మనుషులు సొంత సొమ్ము పెట్టుకోవాలి. మగవాళ్లని ప్రేమించే గవర్రాజు ఆ దుబారాకి ఒప్పుకున్నాడు. సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కలాసీల్లో ఒక ధర్మం ఉంది. మాత్ర ఎవడి సంచిలో ఉన్నా, నడుం నొప్పి ఎవడికుంటే వాడిది. అడగడం అమర్యాద. ఆ ధర్మం ప్రకారమే త్రినాథరావు జత సంచిలోంచి ఒకటి మింగాడు. నొప్పి తగ్గిందని ప్రకటించాడు కూడా. అలాంటివే ఇంకొన్ని కొందామని సీసా పట్టుకుని వీధిలోని మందుల షాపుకి వెళ్లాడు. షాపువాడు సీసాని చూసి, త్రినాథరావుని చూసి, స్టూలు వెనక్కి జరుపుకున్నాడు.

"ఇది ఎయిడ్స్ మాత్ర బావా."

త్రినాథరావు సీసాతో గోడౌన్‌ దాకా పరిగెత్తుకొచ్చి, మాటకంటే ముందు గవర్రాజు మూతి మీద గుద్దాడు. పన్నొకటి కదిలింది. రెండో గుద్దుకి ఊడింది.

"నాకు రోగం అంటించీసినావురా!"

"మాత్ర మింగితే రోగమేటి బావా? నాకూ లేదు. రాకుండా ఏసుకుంటన్నాను."

"పెళ్లి లేదు, పెటాకుల్లేవు. నీకెలాగొత్తాదిరా?"

గవర్రాజు నెత్తురు ఉమ్మాడు. అబద్ధాలకి కొదవ లేదుగానీ, నోటి నిండా నెత్తురుండగా పొడవాటి అబద్ధం ఆడడం కష్టం.

"మగోళ్లతో తిరుగుతాను," అన్నాడు.

పని ఆపి చుట్టూ చేరిన కలాసీల సభ ఒక అడుగు ముందుకేసింది. తర్వాత, అంతవరకూ ఆ తగవుతో ఏ సంబంధమూ లేని పెద్దమనుషులు కూడా వచ్చి తలో తన్నూ సమర్పించుకున్నారు. ఒకడు బస్తాలు లాగే కొక్కెంతో వీపు చీల్చాడు. ఎవరి కాలికైనా దెబ్బ తగిలి లోడింగు ఆగిపోతుందేమోనని మేస్త్రీ కృష్ణంరాజు కంగారుపడ్డాడు. సీసా మూత ఊడి మాత్రలు నేలంతా దొర్లాయి. గవర్రాజు చెప్పుల మధ్య పాకుతూ వాటిని ఏరుకున్నాడు. చేతిని తొక్కినవాడి మడమ కొరికి మరీ ఏరుకున్నాడు.

"ఒరే త్రినాథా, నీ సెయ్యి సూసుకోరా!" అని ఎవడో అరిచాడు.

గవర్రాజు పన్ను గీరుకుని త్రినాథరావు వేళ్ల కణుపులు తెగాయి. ఏది ఎవరి నెత్తురో తెలీదు. చుట్టూ ఉన్నవాళ్లు తన్నడం ఆపి, మర్యాదగా దూరం జరిగారు.

మర్నాడు గవర్రాజు వాచిన మొహంతో బస్తాల దగ్గర నిలబడ్డాడు. రెండో కొస ఎవడూ పట్టలేదు. కాస్త ఎడంగా త్రినాథరావు కట్టుకట్టిన చెయ్యి ఊపి "రారా బావా" అని ఒక్కొక్కణ్ణీ పిలిచాడు. ఆ మాత్ర మింగి, ఆ నెత్తురంటినవాడి దగ్గరికీ ఎవడూ రాలేదు.

"జత లేనోళ్లు ఇళ్లకి పోండెహే!" అన్నాడు మేస్త్రీ.

త్రినాథరావు వచ్చి గవర్రాజు బస్తాకి రెండో కొస పట్టాడు.

"మాటాడినావంటే సంపేత్తాను."

"ఎత్తు."

ఎత్తలేదు. గొంతు తగ్గించి, "ఆ మాత్ర నాకోటియ్యి," అన్నాడు.

"సీసా రెండు వేలు బావా. కొనుక్కో," అన్నాడు గవర్రాజు, బస్తా బరువంతా అతని కట్టు మీదకి వాలుస్తూ.