పీటల మీంచి వరుసలోకి

మా ముత్తాత జగన్నాథస్వామి గారు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పెద్ద. మా తాత అప్పలనరసింహం గారు ఎదురొస్తే జనం చెప్పులు విప్పి పక్కకు తప్పుకునేవారు. మా ఊరి రామాలయం కట్టించింది వాళ్ళే. తర్వాత భూములు పోయాయి, ధర్మకర్త పదవి దేవాదాయ శాఖకు పోయింది. ఒక్క మర్యాద మిగిలింది. శ్రీరామనవమి నాడు సీతారాముల కల్యాణానికి మా ఇంటి పెద్ద భార్యతో కలిసి పీటల మీద కూర్చోవాలి. మొదటి తీర్థం ఆ దంపతులకే. నేను వన్ టౌన్‌లో ఒక షిప్పింగ్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, మధురవాడలో చిన్న ఫ్లాట్‌లో ఉంటున్నవాణ్ణి. అయినా ఆ ఒక్క రోజు నేనెవరో నలుగురికీ గుర్తుండేది.

నా ఒంట్లో తేడా మొదలైంది కూడా ఒక నవమి నాడే. మిట్టమధ్యాహ్నం గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నాం. బండలు కాలుతున్నాయి. వెనకున్నవాళ్ళు గంతులేస్తున్నారు. నేను మాత్రం నిటారుగా, నిదానంగా నడిచాను. మా చిన్నాన్న కొడుకు అప్పలరాజు ఆశ్చర్యపోయాడు.

"ఏటన్నియ్యా, నీకు కాల్లేదేటి?"

"లేదురా."

"సామి దయ. మాకెక్కడొత్తాదది?"

నేనూ అలాగే అనుకున్నాను. పూజారి గారు కూడా మెచ్చుకోలుగా చూశారు. అంతమందిలో ఒక్కరికీ అది జబ్బు అన్న అనుమానం రాలేదు.

ఇంటికొచ్చి మెట్లెక్కుతుంటే ఒక కాలి చెప్పు జారిపోయింది. పైకి వెళ్ళేదాకా నాకు తెలియలేదు. మర్నాడు మడమల దగ్గర తిమ్మిరి. నా భార్య సుశీల నువ్వులనూనె కాచి రాసింది. తిమ్మిరి మోకాళ్ళకు ఎక్కింది. ఆ మరుసటి ఉదయం స్నానాల గదిలో స్టూలు మీంచి లేవలేకపోయాను. సుశీల, వాచ్‌మన్ కలిసి నన్ను క్యాబ్ ఎక్కించారు. వాచ్‌మన్ భుజం మీద చెయ్యి వేయాల్సి వచ్చినందుకు దారంతా కిటికీ వైపే ముఖం తిప్పుకుని కూర్చున్నాను.

న్యూరాలజిస్టు చిన్న సుత్తితో మోకాళ్ళ మీద కొట్టి చూశారు. కాళ్ళు కదల్లేదు.

"రిఫ్లెక్సెస్ లేవు. ఈమధ్య విరేచనాలు ఏమైనా అయ్యాయా?"

పండక్కి ముందు అయ్యాయని సుశీల చెప్పింది. నరాలు ఎలా పనిచేస్తున్నాయో చూసే నెర్వ్ కండక్షన్ స్టడీ చేశారు. లంబార్ పంక్చర్ అని నడుములోంచి నీరు తీశారు. "గీలన్ బారీ సిండ్రోమ్. జీబీఎస్ అంటాం. మీ ఇమ్యూనిటీయే మీ నరాల మీద పడింది. కింద నుంచి పైకి ఎక్కుతోంది. ఐసీయూలో పెట్టాలి," అన్నారు డాక్టరు.

ఐవీఐజీ ఎక్కించారు. అదేమిటని అడిగాను. వేలమంది ఇచ్చిన రక్తంలోంచి తీసిన మందు అన్నారు. మా తాత పరాయి ఇంట మంచినీళ్ళు ముట్టని మనిషి. ఆ సంగతి కాసేపు ఆలోచించి నిద్రపోయాను.

మందు పడుతుండగానే ఊపిరి కష్టమైంది. వెంటిలేటర్ పెట్టారు. తర్వాత ట్రేకియాస్టమీ అని గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టారు. మాట పోయింది. చెవులు మాత్రం అన్నీ వింటున్నాయి. నేను ఊపిరి వదలాలనుకున్నప్పుడు మెషిన్ గాలి తోసేది. నర్సు చేతి మీద తట్టి చెప్పేది: "సార్, మెషిన్‌తో ఫైట్ చెయ్యకండి. అది ఇచ్చినప్పుడు తీసుకోండి." నా ఊపిరి వేరొకరు పీల్చడం ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. నయమవుతోందనుకునేసరికి నిమోనియా వచ్చింది. "కొంచెం వెనక్కి వెళ్ళాం," అన్నారు డాక్టరు.

గొంతులో గొట్టం తీసి, ఫిజియోథెరపీ మొదలుపెట్టి, నడుముకి బెల్టు కట్టి నిలబెట్టేసరికి వానలు వెళ్ళిపోయాయి. ఇంటికొచ్చాక ఒక ఉదయం ఇడ్లీ తినిపిస్తూ సుశీల చెప్పింది.

"ఏవండీ, నేను చర్చికి వెళ్తున్నాను. బాప్తిస్మం తీసుకుందామనుకుంటున్నాను. మీకు చెప్పకుండా తీసుకోను."

నేను బతికితే మారతానని మొక్కుకున్నావా అని అడిగాను.

"మొక్కేం కాదు. ఐసీయూ బయట రత్నం అనే ఆవిడ ఉండేది. భర్త అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ పని. మీ పక్క బెడ్డే. మనవాళ్ళు వచ్చినప్పుడల్లా ఏ పూజ మానేశావు, ఏ మొక్కు మర్చిపోయావు అని అడిగేవారు. రత్నం మాత్రం 'తిన్నావేటమ్మా' అనడిగేది. వాళ్ళాయన పోయాడు. ఆ సాయంత్రం కూడా ఆవిడ ప్రార్థన చేసుకుంది, మీ పేరు కూడా చెప్పింది. అడిగింది ఇవ్వకపోయినా అలా మాట్లాడుకోగలిగే దేవుడు నాకూ కావాలనిపించింది."

మా ఇంటి కోడలు చర్చిలోనా అన్న మాట కొన్నాళ్ళు మింగుడు పడలేదు. నా దేవుడు నాకు ఏ లోటూ చేయలేదు. ఐసీయూలో నేను తలుచుకున్నది రాముణ్ణే. డాక్టరు దగ్గరికి చెకప్‌కి వెళ్ళినప్పుడు ఈ సంగతి బయటపడింది. ఆయన నవ్వి, "మీ ఇద్దరి దేవుళ్ళూ పంచుకోగా క్రెడిట్ ఏమైనా మిగిలితే మా ఫిజియో అమ్మాయికి ఇవ్వండి సార్," అన్నారు. నాకూ నవ్వొచ్చింది.

చలికాలం పోయేసరికి సుశీల బాప్తిస్మం తీసుకుంది. నవమి దగ్గరపడింది. అప్పలరాజు వచ్చాడు.

"వదిన ఒక్కపూట కూకుంటే సాలన్నియ్యా. ఎవులికి తెలుస్తాది? లేపోతే మన వంశం మర్యాద పోతాది."

సుశీల వంటగది గుమ్మంలోంచి నాకేసి చూసింది. "మీరు కూర్చోమంటే కూర్చుంటాను. సంకల్పంలో నా పేరు చదువుతారు కదా, అప్పుడు నా మనసు అక్కడ ఉండదు. అంతే."

ఆమె కూర్చునేదే. నేను అడగడమే తరువాయి. మెషిన్ తోసిన గాలి గుర్తొచ్చింది. నేను అడగలేదు.

"రాజూ, ఇకమీదట నువ్వూ మరదలూ కూర్చోండి," అన్నాను.

వాడు చాలాసేపు వద్దన్నాడు. పట్టుపంచె కొనుక్కోవాల్సి వస్తుందిరా అని నేనంటే అప్పుడు ఒప్పుకున్నాడు.

ఆ నవమికి చేతికర్రతో వరుసలో నిలబడ్డాను. పూజారి గారు నన్ను చూసి తీర్థం గిన్నెతో ముందుకు రాబోయారు. వరుస ప్రకారమే ఇవ్వమని చెయ్యి ఊపాను. నా వంతు వచ్చింది. బండలు కాలాయి. బాగా కాలాయి. అంత సంతోషంగా ఎప్పుడూ గంతులేయలేదు.

ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాను. పాదాల చివర కాస్త మొద్దుబారి ఉంటుంది, అది ఉండిపోవచ్చన్నారు. శనివారం నేను గుడికి వెళ్తాను. ఆదివారం ఆటోలో సుశీలను చర్చి గేటు దాకా దింపుతాను, లోపలికి వెళ్ళను. రత్నం అక్కడ కనిపిస్తే "ఒంట్లో ఎలగుంది బాబూ?" అంటుంది. నిలబడి జవాబు చెబుతాను.

చదివేవారికి ఒక్క మాట. పాదాల్లో తిమ్మిరి మొదలై పైకి ఎక్కుతుంటే, కాళ్ళలో బలం తగ్గుతుంటే నూనెలు రాస్తూ కూర్చోకండి. ఆ రోజే న్యూరాలజిస్టున్న ఆస్పత్రికి వెళ్ళండి. మేం పోగొట్టుకున్న రెండు రోజులు మీరు పోగొట్టుకోవద్దు.

కల్యాణం నాడు మా ఇంటి కోడళ్ళు పెట్టుకునే బంగారు వడ్డాణం ఒకటి ఉండేది. మొన్న ఆషాఢంలో ఆస్పత్రి అప్పు తీర్చడానికి ఇద్దరం వెళ్ళి అమ్మేశాం.