కోట తలుపుకు ఆనిన భుజం

మా వంశానికి మూలపురుషుడు రాఘవరావు కోట కాపలా సర్దారు. శత్రువులు వచ్చిన రోజున ఒక్కడే తలుపుకు భుజం ఆనించి నిలబడి ప్రాణం విడిచాడు. ఆ త్యాగానికి దక్కిందే మా ఊరి మాలీ పటేలుగిరి. మా ముత్తాత, తాత, నాన్న ముగ్గురూ ఆ పని చేసినవాళ్లే. శిస్తు వాళ్ల చేతుల మీదుగా పోయేది, తగాదాలు వాళ్ల అరుగు మీద తెగేవి. రాఘవరావు కథ ఒక నవలలో అచ్చయి ఉందని ఇంటిల్లిపాదికీ తెలుసు. అట్ట ఎప్పుడో ఊడిపోయిన ఆ నవలను మేము కోట పుస్తకం అనేవాళ్లం. ఇప్పుడది గోదావరిఖనిలో నేను అద్దెకుంటున్న ఇంట్లో, నా బల్ల మీద ఉంది. తెరిస్తే పురుగు పట్టకుండా వేసిన డామర్ గోళీల వాసన, దాని కింద సన్నగా బొగ్గు పొగ వాసన.

చిన్నప్పుడు వానాకాలం సాయంత్రాలు మా వసారాలో బొగ్గుల కుంపటి మీద మక్క కంకులు చిటపటమంటుంటే, చూరు నుంచి కారే నీళ్లు సన్నటి నల్ల ధూళిని ముంగిట్లో గీతలు గీతలుగా పరుస్తుంటే, మా నాన్న అక్క అనసూయత్త ఆ పుస్తకం చదివేది. ఊళ్లో మగవాళ్లంతా అప్పటికే బొగ్గు గనుల కంపెనీ పనిలో చేరిపోయి మా అరుగు ముందు నిలబడడం మానేశారు. వాళ్లు సెకండ్ షిఫ్టుకు పోయాక వాళ్ల ఆడవాళ్లు మాత్రం వచ్చి గోడవారగా కూర్చునేవాళ్లు. కోట తలుపు ఘట్టం వస్తుందనగానే మేం పిల్లలం ఆడుతున్న చిర్రగోనె పారేసి పరుగెత్తుకొచ్చేవాళ్లం. అక్కడికి రాగానే అత్త కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకునేది. గొంతులో ఏదో రాగం కలిసేది. కన్నీళ్లు వస్తాయని అద్దాలు తీస్తుందనుకునేవాణ్ణి.

మల్లవ్వ అనే ఆమె ఎప్పుడూ ముందు కూర్చునేది. "దొరసానీ, తలుపు ఇర్గిందా లేదా జల్ది చెప్పుండ్రి, పొయ్యి మీద అన్నం మాడుతున్నది!" అనేది.

"తలుపు ఇరిగింది గని రాఘవరావు భుజం ఇరుగలేదే," అనేది అత్త, నింపాదిగా.

అత్తకు మరో పిచ్చి సినిమాలు, అందులోనూ పాటలు, పద్యాలు నిండిన రాజుల సినిమాలు. పరదా కట్టిన సవారి బండిలో గోదావరిఖని వెళ్లేవాళ్లం. హాలులో బీడీ పొగ, వేయించిన పల్లీల వాసన, డ్యూటీ నుంచి నేరుగా వచ్చినవాళ్ల బట్టల మీది బొగ్గు. మధ్యాహ్నం ఆటలో ఓపెన్‌కాస్టు గని బ్లాస్టింగు మోగితే కుర్చీలు అదిరేవి, పైకప్పు దుమ్ము తెర మీది వెలుగులో జల్లుగా రాలేది. యుద్ధం జరుగుతుండగా మోగితే, "ఇగ కోట కూలింది పో! మన షాట్‌ఫైరరు దెబ్బ!" అని ఎవరో అరిచేవాళ్లు, హాలంతా ఈలలు. ఏనుగు సినిమా అని మేము పిలిచిన ఒక సినిమాకు అత్త నన్ను మళ్లీ మళ్లీ తీసుకుపోయింది. నేను ప్రతిసారీ ఏనుగు తెర మీంచి పోగానే ఆమె ఒళ్లో నిద్రపోయేవాణ్ణి.

నేను కొంచెం వంగి నడిస్తే నాన్న వీపు మీద చరిచేవాడు. "భుజం దించకు. నీది రాఘవరావు భుజం." భూములు పోయాయి, పటేలుగిరి పోయింది, ఇల్లు ఊరితో సహా ఓపెన్‌కాస్టు గోతిలో కలిసింది. భుజం మాత్రం దించలేదు నేను.

ఊరి జనాన్ని కంపెనీ పునరావాస కాలనీలో పెట్టింది. ఈ ఏడు అక్కడ కాలనీ మొదట్లో స్వాగత తోరణంలా ఒక కమాను కట్టాలనుకున్నారు. గనిలో పనిచేసి రిటైరైన రాజేశం, మల్లవ్వ కొడుకు, నా దగ్గరికి వచ్చాడు. వాళ్ల నాన్న మమ్మల్ని దొరా అనేవాడు, ఇతను సార్ అంటాడు.

"కమాను మీద రాఘవరావు పేరు చెక్కుదామంటున్నది మా అవ్వ. ఆ పేజీ జర ఫోటో తీసి పంపుండ్రి సార్. రేపు ఎవడన్న అడిగితె సూపెట్టాలె గద."

ఇన్నేళ్లలో ఆ పుస్తకాన్ని నేను స్వయంగా చదవలేదు, చెవులతో విన్నదే చాలనుకున్నాను. ఆ రోజు మొదటిసారి చదివాను. తలుపు ఒక్క వాక్యంలో విరిగింది. భుజం ఆనించినవాడు లేడు. రాఘవరావు అనే పేరు మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఎక్కడా లేదు. రెండుసార్లు వెతికాను. పుటలేవీ చిరిగిపోలేదు.

కొన్నాళ్లకు ఫోనులో పాత సినిమాలు చూస్తుంటే ఏనుగు కనబడింది. ఈసారి నిద్రపోలేదు. ఏనుగు పోయాక కోట, కోటకు తలుపు, తలుపుకు భుజం ఆనించి పాడుతున్న ఒక ద్వారపాలకుడు. అత్త గొంతులో వినిపించిన రాగం అదే. కూతుర్ని సొరంగంలోకి పంపుతూ ఆ ద్వారపాలకుడు అన్నాడు: "భుజం దించకు తల్లీ." ఫోను బోర్లా పెట్టాను. నా నడకను తీర్చిన మాట, కిరాయి మీసాలు పెట్టుకున్న ఒక నటుడు ఎవరో రాసిస్తే పలికిన మాట. అత్త, నాన్న ఇద్దరూ పోయి చాలా ఏళ్లయింది. అడగడానికి ఎవరూ లేరు.

అబద్ధాన్ని రాతిలో చెక్కించడం మా ఇంటి మర్యాద కాదు. కాలనీకి వెళ్లి, రాజేశం ఇంటి ముందు నిలబడి, ఆ పేరు పుస్తకంలో లేదని, అది సినిమాలోని సంగతని చెప్పాను. రాజేశం తల గోక్కున్నాడు. మంచం మీద కూర్చున్న మల్లవ్వ మాత్రం బోసినోటితో నవ్వింది.

"ఏనుగు సినిమలది గదా. మాకెరుకే."

"ఎప్పటి నుంచి?"

"ఎప్పటి నుంచేంది అయ్యా? గా సినిమ మేం సూడలేదా? దొరసాని గా తలుపుకాడ మీ పెద్దాయన పేరు పెట్టి సదువుతుంటె ఒకల మొకాలు ఒకలం సూసుకునేటోళ్లం. బయటికి పోయి నవ్వుకుంటె, మాతోని కూసునే లింగవ్వ కోపం జేసింది. నవ్వకుండ్రి, ఉన్నదంత పాయె, గా ఒక్కటన్న ఉండనియ్యుండ్రి పాపం, అన్నది. గప్పటి నుంచి ఎవ్వలం నవ్వలేదు."



"అయితేంది, చెక్కుదాం తియ్యుండ్రి సార్," అన్నాడు రాజేశం. "ఎవలడుగుతరు?"

"వద్దు," అన్నాను.

"కూసో అయ్యా, చాయ తాగి పో," అంది మల్లవ్వ. ఆ గొంతులో ఉన్నది గౌరవం కాదు. అది ఏమిటో ఇన్నేళ్ల తర్వాత పోల్చుకున్నాను. ఆ వసారాలో గోడవారగా కూర్చుని, మక్క కంకుల పొగలో, వాళ్లు అత్తకేసి చూసిన చూపు కూడా అదే. చాయ తాగకుండా వచ్చేశాను.

కమాను లేచింది. దాని మీద ఊరి పేరొక్కటే ఉంది. ఊరు లేదు, ఆ సినిమా హాలు కూలగొట్టి దుకాణాలు కట్టారు, కంకులు కాల్చిన వసారా ఉన్నచోట ఇప్పుడు డంపర్లు తిరిగే లోతు. కమాను దాటగానే ఎడమ పక్కన పునరావాసం కింద నాకు వచ్చిన ఇంటి జాగా ఉండేది. మా వంశంలో మిగిలిన ఆఖరి నేల. పోయిన నెల దాన్ని అమ్మేశాను.