పట్టికలో లేని ఊరు

మొన్న వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున, కిటికీ దగ్గర కూర్చుని చాయ్ తాగుతుంటే బల్లమీది ఫోను ఒక్కసారిగా సైరను మోగినట్టు అరిచింది. ఉలిక్కిపడి చూస్తే, ఎగువన నీళ్లు వదులుతున్నారనీ, ఒడ్డు ఊళ్లవాళ్లు నదిలోకి దిగవద్దనీ చక్కటి తెలుగులో రాసి ఉంది. నేనుండేది జడ్చర్లలో. నది ఇక్కడికి ఎంతో దూరం. దానితో నాకు పనేమీ లేదు. అయినా చాయ్ పక్కన పెట్టి దాన్ని మళ్లీ మళ్లీ చదివాను. పక్కింటామె వచ్చి ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను కానీ, ఆ రోజంతా నా మనసు ఒక పాత కంప్యూటరు ముందు, ఒక నల్లటి తెర ముందు కూర్చునే ఉంది.

నా ఈడు వాళ్లకు చెబితే అర్థమవుతుంది. మనం టైపు మిషను మీద లోయరూ హయ్యరూ పాసైతే చాలు, జీవితానికి ఢోకా లేదనుకున్న తరం. నేను పాతికేళ్లు టైపు నేర్పాను. తరవాత టైపు మిషన్లు పోయాయి, కంప్యూటర్లు వచ్చాయి, పెళ్లిపత్రికలూ అర్జీలూ కొట్టిపెట్టే పని చేశాను, అదీ పోయింది. రాష్ట్రం వచ్చిన కొత్తల్లో, మా మేనమామ కొడుకు, మా బావ, కేబుల్ టీవీ వ్యాపారం పడిపోతోందని దాన్ని ఇంటర్నెట్టుగా మార్చి, మనిషి కావాలని నన్ను ఈ ఊళ్లోనే ఉన్న తన ఆఫీసుకు పిలిచాడు. అప్పటికి నాకు యాభై దగ్గర పడుతున్నాయి. ఆ వయసులో కొత్త విద్య ఏమిటని ఇంట్లోవాళ్లు నవ్వారు. నేను మాత్రం తప్పుల్లేకుండా కొట్టడం తెలిసిన దాన్ని కదా, ఇదీ కొట్టడమే కదా అనుకుని వెళ్లాను.

పెద్ద కంపెనీల రూటర్లు కొనే స్తోమత మా బావకు లేదు. ఒక పాత కంప్యూటరు డబ్బా విప్పి, అందులో మూడు నెట్‌వర్కు కార్డులు గుచ్చి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు ఎక్కించి దాన్నే రూటరు చేశాడు. ఒక తీగ హైదరాబాదు నుంచి వచ్చేది. ఒకటి ఊళ్లోకి పోయేది. మూడోది మేడమీది కడ్డీకి పోయి, అక్కడినుంచి గాలిలో గుట్టమీది టవరుకు, ఆ టవరు నుంచి పల్లెలకు. ఏ ఊరి మాట ఏ దారిన పోవాలో ఆ డబ్బాలో ఒక పట్టిక ఉండేది. బస్టాండులో విచారణ కిటికీ దగ్గర కూర్చున్న మనిషిని ఆత్మకూరు ఎలా పోవాలని అడిగితే, ఫలానా బస్సెక్కి ఫలానా చోట మారాలని చెబుతాడే, అచ్చం అలాంటిది. అందులో మీ ఊరి పేరు లేకపోతే మీకు ఊరే లేనట్టు.

ఆత్మకూరు దాటి నది ఒడ్డున ఉన్న నా పుట్టింటి ఊరికి కూడా లైను ఇవ్వాలని బావ వెంటపడి ఇప్పించుకున్నది నేనే. బడి కప్పు మీద ఒక చిన్న సోలారు పలకా బ్యాటరీ పెట్టి, దాని పక్కన రిసీవరు బిగించారు. ఆ బళ్లో మా మరదలు పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది. మా తమ్ముడు గొర్రెలు కాసేవాడు. మా ఇంటివాళ్లకు మందే భూమి, మందే బలగం. ఎండాకాలం చివర్న ఊరి పొలాల్లో గడ్డి ఉండదు కనుక, కొత్త నీళ్లు వచ్చేదాకా మందను నది నడుమ ఉన్న గడ్డ మీదికి తోలుకుపోయేవాడు. అటుపక్క పాయ మోకాలి లోతే ఉండేది. గొర్రెలు నడిచే దాటేవి.

ఆ యేడు కొత్త నీళ్లు ముందుగానే వచ్చాయి.

ముందు రోజు సాయంత్రం పెద్ద గాలివాన కొట్టింది. అటువైపు ఊళ్లకు కరెంటు పోయింది, సెల్ టవరు మూగబోయింది. పొద్దున తొమ్మిదిన్నరకు మా ఆఫీసులో కూడా కరెంటు పోయి, ఇన్వర్టరు మొరాయించి, డబ్బా ఆగి మళ్లీ మొదలైంది. అలాంటివి మామూలే కనుక నేను పట్టించుకోలేదు. ఊళ్లోవాళ్లకు నెట్టు వస్తోందని చూసి ఊరుకున్నాను. పది దాటాక రెవెన్యూ ఆఫీసులో పనిచేసే ఒకాయన ఫోను చేశాడు. ఆయన గొంతులోని తొందర ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"మేడం, పైన గేట్లు లేపిండ్రంట. ఏటొడ్డు ఊళ్లకు కబురు జెయ్యాలె. మీ ఊరోళ్ల ఫోన్లు ఒక్కటి కలుస్తలేవు. మీ లైన్ నడుస్తాందా?"

నడుస్తుందన్నాను. అని, మరదలికి వాట్సాప్‌లో మెసేజి పెట్టాను. ఒక్కటే టిక్కు పడింది. కాల్ చేస్తే పోలేదు. అప్పుడు డబ్బా ముందు కూర్చుని బడిమీది రిసీవరుకు పింగు కొట్టాను. పింగంటే, ఉన్నావా అని పిలిచి, ఉన్నానని జవాబు వస్తుందేమో చూడడం. జవాబు లేదు. మళ్లీ కొట్టాను. లేదు. మిగతా పల్లెలన్నీ పలుకుతున్నాయి, మా ఊరొక్కటే పలకలేదు.

తమ్ముడు గడ్డ మీద ఉన్నాడని నాకు తెలుసు. రెండు రోజుల ముందే మరదలు చెప్పింది. బావ వచ్చి చూసి, పిడుగుకు రిసీవరు కాలిపోయి ఉంటుందని తేల్చేశాడు. ఆత్మకూరులో తెలిసినవాళ్లకు ఫోను చేసి, బండి మీద మా ఊరికి పోయి చెప్పమని బతిమాలాడు. వాళ్లు బయల్దేరారు కూడా. పావుగంటకు తిరిగి ఫోను చేశారు. మధ్యలో వాగు రోడ్డు మీదుగా పారుతోంది, మనిషి దాటే వీల్లేదు.  నేను కుర్చీలోంచి కదలకుండా పింగు కొడుతూనే ఉన్నాను. నీళ్లు ఎంతసేపటికి వస్తాయని రెవెన్యూ ఆయన్ని అడిగితే, గడ్డ దగ్గరికి ఇవాళ మధ్యాహ్నంలోపే అన్నాడు.

పాతికేళ్లు టైపు నేర్పినదానికి ఒక అలవాటు ఉంటుంది. తప్పు కనబడకపోతే మొదటి అక్షరం నుంచి మళ్లీ చదవడం. బావ వద్దంటున్నా వినకుండా గుట్టమీది టవరులోకి లాగిన్ అయ్యాను. అక్కడినుంచి బడికి పింగు కొట్టాను. పలికింది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. బడిమీది రిసీవరు కాలిపోలేదు. గుట్ట నుంచి పిలిస్తే పలుకుతోంది, మన దగ్గరినుంచి పిలిస్తే పలకడం లేదు. అంటే తప్పు ఆ ఊళ్లో లేదు, ఆ దారిలో లేదు, ఈ గదిలోనే ఉంది. గుట్టమీది నుంచి నేను రిసీవరును పలకరించగలను గానీ, మనిషికి మాట చేర్చలేను. మాట చేరాలంటే ఈ డబ్బా దారి ఇవ్వాలి.

పట్టిక తెరిచాను. నలభై గీతలు. ఒక్కొక్క గీతా ఒక్కొక్క ఊరు, లేదా వాడ. పైనుంచి కిందికి చదివాను, కిందినుంచి పైకి చదివాను. మా ఊరు లేదు.

ఎందుకు లేదో ఆ క్షణంలోనే తెలిసిపోయింది. నెల కిందట మా ఊరి నంబర్లు, అంటే నెట్టులో ఆ ఊరి చిరునామాలు, మార్చినప్పుడు ఆ గీతను నేనే పట్టికలో టైపు కొట్టాను. కొట్టిన వెంటనే లైను నడిచింది. డబ్బా మళ్లీ మొదలైనా నిలిచి ఉండాలంటే దాన్ని డబ్బాలోనే ఉండే ఒక ఫైల్లో కూడా రాయాలి. ఆ సంబరంలో, రేపు రాద్దాంలే అని లేచాను. ఆ రేపు రాలేదు. నెలంతా డబ్బా ఆగలేదు కనుక ఎవరికీ తెలియలేదు. ఆ పొద్దున ఆగింది. లేచాక దానికి మా ఊరు గుర్తులేదు.

 గీత మళ్లీ కొట్టాను. పింగు కొట్టాను.

పలకలేదు.

ఇది చెప్పడం నాకు చేతకావడం లేదు. తప్పు దొరికిందని, అది నా తప్పేనని తెలుసుకుని, దిద్దాక కూడా అది అలాగే ఉంటే, మనిషికి ఇక పట్టుకోవడానికి ఏమీ మిగలదు. గోడ గడియారం పదకొండు దాటింది. బావ వెనక నిలబడి ఏదో అంటున్నాడు, నాకు వినబడలేదు. మళ్లీ కొట్టాను, అంకెలు సరిచూశాను, చెరిపి మళ్లీ కొట్టాను. చివరికి, ఈ నంబరుకు ఏ దారిన పంపుతున్నావని డబ్బానే అడిగాను. అలా అడిగే పద్ధతి ఒకటి ఉంది. అది గుట్టవైపు కాదు, ఊళ్లోకి పోయే తీగ వైపు పంపుతున్నానంది.

అప్పుడు స్కేలు తీసుకుని తెర మీద పెట్టి, ఒక్కొక్క గీతా అంకె అంకె చదివాను. ఇరవయ్యో ముప్పయ్యో గీత దగ్గర ఆగాను. అది కొత్తది, నేను కొట్టింది కాదు. మా ఊరి నంబర్లలోనే కొన్నింటిని వేరే ఎవరికో ఇచ్చి, వాటిని ఊళ్లోకి పంపమని చెబుతోంది. రెండు గీతలు తగువు పడితే, ఆ డబ్బా ఎప్పుడూ ఎక్కువ వివరంగా చిరునామా ఉన్న గీతనే నమ్ముతుంది. ఊరి పేరు రాసిన ఉత్తరం కంటే ఇంటి నంబరు రాసిన ఉత్తరానికి విలువెక్కువ కదా, అలాగ.

"బావా, గిది ఎవరిది?"

బావ వంగి చూశాడు.  పారిశ్రామికవాడలో కొత్తగా లైను తీసుకున్న ఒక కంపెనీ కోసం వారం కిందట తనే ఫైల్లో రాశాడు. డబ్బా మళ్లీ మొదలయ్యేదాకా అది అమల్లోకి రాలేదు. ఆ పొద్దున వచ్చింది. నేను రాయాల్సింది రాయలేదు, ఆయన రాసింది తప్పు రాశాడు, ఒకే కరెంటు కోతలో రెండూ బయటపడ్డాయి.

"పొద్దున్నే లైనొచ్చిందని వాళ్లు సంబురపడ్డరు" అన్నాడు బావ మెల్లగా. మా దగ్గరున్న వాటిలో అదే పెద్ద కంపెనీ. ఆ గీత తీస్తే వాళ్ల లైను ఆగిపోతుంది. ఆయన ఒక్క క్షణం ఆగి, నా భుజం మీదుగా చెయ్యి చాచి తనే ఆ గీత చెరిపేశాడు.

బడి పలికింది.

ఫోనులో రెండో టిక్కు పడింది. వెంటనే కాల్ చేశాను. నాలుగోసారి మోగాక మరదలు ఎత్తింది. వెనక గిన్నెల చప్పుడు, పిల్లల గోల.

"వదినె, పొద్దటిసంది నెట్టు లేకుండె, ఇప్పుడే..."

"తమ్ముడు యాడున్నడు?"

"గడ్డ మీద్నే. ఏమైంది వదినె?"

"నీళ్లు ఇడిసిండ్రు. పుట్టోళ్లను లేపు. ఉరుకు!"

ఫోను పెట్టేసిన చప్పుడు కాలేదు. పొయ్యి దగ్గరే పడేసి ఉరికినట్టుంది. చాలాసేపు నాకు ఆ పొయ్యి చిటపటలు, అమ్మ యాడికి పోయిందని అడుగుతున్న పిల్లల గొంతులు వినబడ్డాయి. నేను ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను. బావ కుర్చీలో కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

తరవాత జరిగింది నేను చూడలేదు, వాళ్లు చెప్పగా విన్నాను. చేపలు పట్టేవాళ్లు తమ గుండ్రటి బుట్టపడవలు, రెండు పుట్టిలేసుకుని పోయేసరికే పాయ నడుము లోతు దాటింది. మా తమ్ముడు ముందు గొర్రెపిల్లలను, ఈనడానికి ఉన్న గొర్రెలను ఎత్తి పుట్టిల్లో వేశాడట. తను ఎక్కలేదు. మూడు సార్లు తిరిగారు. మూడోసారి పుట్టివాళ్లు అతణ్ని నడుం పట్టి లాగి పడేసి తెచ్చారు. నాలుగోసారి పోవడానికి నది ఒప్పుకోలేదు. సగం మంద గడ్డ మీదే మిగిలింది. ఒడ్డుమీది నుంచి వాటి అరుపులు వినబడ్డాయని, కాసేపటికి వినబడలేదని మరదలు చెప్పింది. తమ్ముడు ఆ ఒడ్డునే చీకటి పడేదాకా కూర్చున్నాడట.

పుట్టివాళ్లలో పెద్దాయన మరో మాట అన్నాడు. ఆయనకు నా సంగతేమీ తెలియదు, మామూలుగానే అన్నాడు. గంట ముందు తెలిసుంటే మందంతా నడిచే వచ్చేదని.

ఆ మాట నాలో పదిహేను రోజులు నానింది. అన్నం సయించలేదు. వాగు తగ్గాక ఊరికి పోయాను. తమ్ముడు ఖాళీగా ఉన్న దొడ్డిలో కంచె ముళ్లు సరిచేస్తున్నాడు. నేను పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. నెల కిందట ఒక గీత కొట్టాననీ, రాసిపెట్టలేదనీ, అది రాసి ఉంటే అందులో సగం ఆలస్యం ఉండేది కాదనీ. బావ తప్పు చెప్పలేదు, నాది మాత్రమే చెప్పాను. అతను కంప ముట్టుకున్న చేతిని చూసుకుంటూ విన్నాడు.  తిడితే బాగుండుననిపించింది.

"ఇప్పుడు రాసినవా అక్కా?" అన్నాడు.

"రాసిన."

"అయితే సాలు" అని మళ్లీ కంప అందుకున్నాడు.

ఆ రోజు నుంచి అక్కడ పని చేసినన్నాళ్లూ, సాయంత్రం ఇంటికి పోయేముందు పట్టికనూ ఫైలునూ గీతకు గీత సరిపోల్చకుండా నేను లేవలేదు. తమ్ముడు మిగిలిన గొర్రెలతో మళ్లీ మంద పెంచాడు. గడ్డ మీదికి మాత్రం మళ్లీ తోలలేదు. కొన్నేళ్లకు పెద్ద కంపెనీల తీగలు పల్లెపల్లెకూ వచ్చాయి, బావ వ్యాపారం వాళ్లకు అప్పగించి తప్పుకున్నాడు. ఆ డబ్బాను ఎవరు తీసుకుపోయారో కూడా నాకు తెలియదు.

ఇప్పుడంతా మెరుగే, కాదనను. నెట్టు ఆగేదే తక్కువ. ఎప్పుడైనా ఆగి ఫోను చేస్తే, ఒక యంత్రం మర్యాదగా మాట్లాడి ఒక ఫిర్యాదు నంబరు ఇస్తుంది. ఆ నంబరుకు అవతల, ఏ ఊరు మూగబోయిందో, ఆ ఊళ్లో ఎవరి తమ్ముడు నది నడుమ ఉన్నాడో తెలిసిన మనిషి మాత్రం ఉండరు. మాకు తెలిసేది. నలభై గీతలూ నలభై మంది మనుషులుగా కళ్ల ముందుండేవి. అంతా తెలిసి కూడా ఆ రోజు మేము గంట ఆలస్యమయ్యాం.