ఎవరినీ నమ్మని మా అత్త ఓబుళమ్మ

మా అత్తగారు ఓబుళమ్మ పులివెందులలో తన కూతురి ఇంట పరమపదించారన్న వార్త నాకు పొద్దున్నే, బుజ్జికి పాలు కలుపుతుండగా తెలిసింది. మా ఆయన ప్రొద్దుటూరు బజారులోని బట్టల అంగడి నుంచి ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందంటమ్మే" అన్నాడు. శోకంతో కుప్పకూలిపోయానని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. కానీ ముందుగా నాకు కలిగింది అనుమానమే. ఈసారి ఏం పరీక్ష పెడుతోందో అనుకున్నాను.

ఆమెకు అలాంటి అలవాటు ఉండేది మరి. ఒకసారి గుండెల్లో నొప్పని చాప మీద పడుకుని, కొడుక్కీ కూతురికీ కబురు పంపించింది. కూతురు పులివెందుల నుంచి ఏడ్చుకుంటూ బస్సెక్కి వచ్చింది. కొడుకు బేరం తెగ్గొట్టుకుని, ఆమె తర్వాత వచ్చాడు. అత్త వెంటనే లేచి కూర్చుని, "అదేమో ముద్దనూరు మీద తిరుక్కోని వచ్చె. నువ్వేమో బజార్లోనుంచి ఈడికి రాలేకపోతివి. సరే, ఎవురెవురో తెలిసిపోయెలే" అని కాఫీ పెట్టించుకుని తాగింది. అటువంటి మనిషి మరణవార్తను ఒక్క ఫోన్ మాటతో ఎలా నమ్మను?

ఆమెను పులివెందుల నుంచి మా ఇంటికే తెచ్చినా, కళ్లారా చూసే అవకాశం కూడా నాకు లేకపోయింది. నాకిప్పుడు నెలలు నిండుతున్నాయి. కడుపుతో ఉన్నవాళ్లు శవాన్ని చూడకూడదని పెద్దలు నన్నూ బుజ్జినీ ఎదురింటి షమీమక్క దగ్గర కూర్చోబెట్టారు. షమీమక్క భర్త కువైట్‌లో ఉంటాడు, ఆమె మా వీధికంతటికీ బట్టలు కుడుతుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "అక్కా, నువ్వు పోయి దగ్గరగా చూసి రా" అన్నాను. ఆమె వెళ్లి, ముఖమంతా కొంగుతో కప్పుకుని తిరిగి వచ్చింది. "అవ్వేనమ్మా. బాగా చూసినా. అవ్వే" అంది. అప్పుడు ఏడ్చాను. ఎంత ఏడ్చానంటే, తల్లి ఎందుకేడుస్తోందో తెలియని రెండున్నరేళ్ల బుజ్జి తన బొరుగుల గిన్నె తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

బంధువులు ఈ సంస్మరణ పుస్తకం అచ్చువేస్తూ, బడిలో తెలుగు చెప్పేదాన్ని కనుక వ్యాసం నన్ను రాయమన్నారు. కారణం అదొక్కటేనా అన్నది నాకు అనుమానమే. సరే, అడిగారు కాబట్టి రాస్తున్నాను. గారు అంటే అత్తకు అనుమానం వచ్చేది, "ఏంది, ఈ దినం ఇంత మర్యాద చేస్తాండావు?" అని అడిగేది. అందుకని ఇకమీదట అత్త అనే రాస్తాను.

అత్త జన్మస్థలం సింహాద్రిపురం. తమ్ముడు పుట్టగానే, తల్లి ఇద్దరు పసివాళ్లతో వేగలేదని, వల్లూరులో పిల్లల్లేని మేనత్త ఇంటికి ఆమెను పంపారు. మళ్లీ పిలిపించుకోలేదు. మేనత్త పెంచి, పెద్దముడియం రైతు కుటుంబానికి ఇచ్చి పెళ్లి చేసింది. ఈ సంగతి అత్త ఎప్పుడు చెప్పినా ఒకే మాటతో ముగించేది. "నాలుగు దినాలు ఉండి వద్దువులే అని పంపిచ్చిరి. ఆ నాలుగు దినాలు నాకు ఇంగా అయిపోలేదు." చెప్పేటప్పుడు కంట తడి ఉండేది కాదు. మామ కాలం చేశాక కొడుకు దగ్గరికి ప్రొద్దుటూరు వచ్చింది.

అవిశ్వాసం ఆమెకు సహజ కవచం. పాలవాడు గుమ్మం ముందు క్యాన్ దించగానే, ముందు అతని దోసిట్లోనే పాలు పోయించి, "తాగప్పా" అనేది. అతను తాగిన తర్వాత కాసేపు అతని ముఖం చూసి, ఆపైన గిన్నె పట్టేది. "నేనేమన్నా విషం కలుపుతానా అవ్వా?" అని అతను నొచ్చుకుంటే, "నువ్వు కలపవులే. నీకు తెలీకుండా ఎవురన్నా కలిపింటే?" అని అడిగేది. ఆమె పోయిన మర్నాడు గిన్నె పట్టుకుని నేను గుమ్మంలోకి వెళ్లాను. ఎవరూ అడగకపోయినా అతను తన దోసిట్లో పాలు పోసుకుని తాగి, నా గిన్నెలో పోసి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

నేనూ ఆ విషయంలో తీసిపోను. నాది జమ్మలమడుగు. గోరంత చూసి కొండంత ఊహించుకోవడం మా అమ్మ నాకు ఉగ్గుపాలతో పోసింది. కాపురానికొచ్చిన కొత్తలో, కూరగాయలమ్మి తక్కెడ ఎత్తితే నేను వంగి ఆమె చిటికెన వేలు వైపు చూశాను. అత్త అది గమనించి, "నువ్వు పనికొస్తావుమ్మే" అంది. నాకు ఆమె ఇచ్చిన ఏకైక ప్రశంస అదే. ఒకే ఇంట్లో ఇద్దరు అనుమానం మనుషులం కాపురం చేశాం. ఇంటికి తాళమే అక్కర్లేకపోయింది.

రెండోసారి నెల తప్పానని తెలిసినప్పుడు అత్త చేసిన హడావిడి చెప్పాలి. ఐదో నెల దాకా ఈ విషయం బయటికి పొక్కకూడదని ఆజ్ఞ. దిష్టి తగులుతుందట. నేను వాంతి చేసుకుంటే, "మధ్యాన్నం అలసందవడలు శానా తినింది" అని పక్కింటివాళ్లకు వినబడేలా అరిచేది. ఒకనాడు వీధిలోని ఆడవాళ్లంతా మా అరుగు మీద కూర్చుని ఉండగా బుజ్జి నడివీధిలో వంగి, తన కాళ్ల సందులోంచి అందర్నీ చూసి నవ్వింది. పిల్ల అలా చూసిందంటే వెనక తమ్ముడో చెల్లెలో వస్తున్నట్టేనని ఇక్కడ తెలియనివారు లేరు. అందరి చూపులూ ఒక్కసారి నా కడుపు మీదికి వచ్చాయి. అత్త బాణంలా దూసుకెళ్లి పిల్లను నిటారుగా నిలబెట్టి, "చెప్పు యాడబడిందో ఎతుక్కుంటాంది, పాపం" అంది. బుజ్జి రెండు కాళ్లకీ చెప్పులు శుభ్రంగా ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు, అత్త ముందు ఎవరు నవ్వుతారు?

ఇంతవరకు అందరికీ తెలిసిన ఓబుళమ్మ. ఇకమీద రాసేది నాకొక్కదానికే తెలిసిన ఓబుళమ్మ గురించి.

మా వదినకు, అంటే అత్త కూతురు సుజాతమ్మకు, పిల్లలు లేరు. పెళ్లై శానా ఏళ్లయింది, తిరగని ఆసుపత్రి లేదు. మంచి మనిషి, చేతికి ఎముక లేదు. ఆమె పులివెందుల నుంచి బుజ్జికి గౌన్లు పంపేది. ఆ గౌన్లు ఎప్పుడూ బుజ్జికి పెద్దవే. వచ్చే ఏడాదికో ఆపై ఏడాదికో సరిపోతాయి. ఒకసారైతే కొలత తెలియదనుకుంటాం, ప్రతిసారీనా? అత్త వాటిని నాకు ఇవ్వకుండా తన పెట్టెలో పెట్టి తాళం వేసుకునేది. నా మనసులో ముల్లు అప్పుడే దిగింది.

నాకు కడుపు పెరుగుతున్న కొద్దీ అత్త బుజ్జిని నా నుంచి మెల్లమెల్లగా విడదీసింది. ముందు నా పక్కలోంచి తీసి తన పక్కలో పండుకోబెట్టింది. తర్వాత సంగటి తనే తినిపించసాగింది. నేను ముద్ద కలిపితే బుజ్జి తల తిప్పుకుని, నాయనమ్మ కావాలని "జేజి" అనేది. ఎత్తుకోబోతే, "బరువు ఎత్తొద్దు మ్మే, దింపు" అని అత్త అడ్డొచ్చేది. సాయంత్రం పూట ఫోన్‌లో వదిన ముఖం చూపించి, "పులివెందుల అత్తకు ముద్దు పెట్టు" అని నేర్పేది. పిల్ల తెరకు మూతి ఆనించేది, అవతల వదిన కళ్లు తుడుచుకునేది. నేను తలుపు చాటున నిలబడి చూసేదాన్ని. తొలి కాన్పు పుట్టింట్లో అయింది కనుక రెండోది మెట్టినింటనే జరగాలి. నేను ఆసుపత్రిలో ఉంటాను. ఆ తర్వాత ఒంట్లో శక్తి ఉండదు. ఆ సమయంలో పెద్దపిల్లను ఎవరో ఒకరి దగ్గరికి పంపుతారు. నాలుగు దినాలే అంటారు. ఆ నాలుగు దినాలు ఎంత పొడుగుంటాయో అత్తే నాకు చెప్పింది కదా.

భయం ఆపుకోలేక ఒకనాడు అడిగేశాను. అత్త గచ్చు మీద కూర్చుని చెనగవిత్తనాలు ఒలుస్తోంది.

"అత్తా, బుజ్జిని వదినకు ఇచ్చేద్దామనుకుంటాండావా?"

ఆమె చెయ్యి ఆగలేదు. "ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవరూ చెప్పలే."

"ఎవురూ చెప్పకపోతే నీకెట్ల తెలిసె?"

"తెలీకనే అడుగుతాండా."

"తెలీకుంటే ఎందుకు అడుగుతావు? ఎవురో చెప్పింటారు."

ఆ సంభాషణ అలా ఎంతసేపు సాగినా అవునన్న మాట గానీ కాదన్న మాట గానీ ఆమె నోట రాలేదు. నేను ఎవరి మాట విని అడుగుతున్నానో తేల్చుకోవడానికే ఆమె సాయంత్రమంతా వెచ్చించింది. షమీమక్కను కూడా ఆరా తీసిందని తర్వాత తెలిసింది.

చనిపోవడానికి ముందురోజు అత్త ఎందుకో ఎవరికీ చెప్పకుండా పులివెందుల ప్రయాణమైంది. కూతురు రమ్మందా, తనంతట తను వెళ్లిందా, ఎందుకు వెళ్లింది, నాకు తెలియదు. ఆ సాయంత్రం అక్కడ తల్లీకూతుళ్లు మాట్లాడుకున్నారు. తెల్లారేసరికి నిద్రలోనే అత్త ప్రాణం పోయింది.

దినాల నాడు బంధువులంతా భోజనాలు చేసి కూర్చున్నాక వదిన నోరు విప్పింది. "అమ్మ నాకు మాటిచ్చింది. ఈ కాన్పు అయినంక బుజ్జిని నీకు ఇప్పిస్తానని నా చెయ్యి పట్టుకోని చెప్పింది" అని బోరున ఏడ్చింది. కూర్చున్న పెద్దలు తలలూపారు. పెద్దముడియం నుంచి వచ్చిన చిన్నమామ, "పోయిన మనిషి మాట. దాన్ని కాదనేది ఎట్ల?" అన్నాడు. మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. అక్కకు సంతానం లేదన్న బాధ ఆయనకు చిన్నప్పటి నుంచీ తనతో తిరిగిన మనిషి బాధ. బుజ్జి నా కాళ్లకు చుట్టుకుని నిలబడింది. లోపలి బిడ్డ కదులుతోంది. నాకు గోడ ఆసరా అయింది.

నేను గోడ వదిలి ముందుకొచ్చాను. "వదినా, మా అత్త పాలవాడినే నమ్మలేదు. కన్నకొడుకు ప్రేమను చాప మీద పడుకోని పరీక్ష చేసింది. అట్లాంటి మనిషి బిడ్డను ఇస్తానని ఒక్క మాటతో ఒప్పుకుంటుందా?"

"నేను అబద్ధం చెప్తాండానా?" అంది వదిన. ఆ గొంతులో కపటం లేదు, అది నాకు తెలుసు. "పెంచుకుంటా గాని తినేస్తానా పిల్లను?"

ఒక్క క్షణం నా మనసు కరిగింది. అయినా తగ్గలేదు. అత్త ఆ పొద్దున చెప్పులు వేసుకుంటూ నాతో చెప్పిన మాట అప్పుడు అందరి ముందు పెట్టాను. "బస్సుకు పోయేటప్పుడు అత్త నాకూ ఒక మాట చెప్పింది. 'నేనొచ్చేదాకా బిడ్డను ఎవురి చేతికీ ఇయ్యొద్దు. మా సుజాత వచ్చి అడిగినా సరే, మీ అమ్మ వచ్చి అడిగినా సరే' అనింది. ఆమె ఇంగా రాలేదు. నేను ఇయ్యను."

ఆ మాట ఆమెదేనని అందరికీ తెలుసు. కూరగాయలకు పోయినా, గుడికి పోయినా గడప దాటేముందు అత్త ఆ మాట అనకుండా వెళ్లేది కాదు. షమీమక్క గుమ్మం దగ్గర నుంచి, "నాకూ రోజూ చెప్పేది అవ్వ" అంది. చిన్నమామ కండువా దులుపుకుని లేచాడు. వదిన బుజ్జి తల నిమిరి లోపలికి వెళ్లింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు, ఎత్తుకోవచ్చు. నేను ఎదురుగా ఉండగా.

ఆ పులివెందుల ప్రయాణం కూతురికి బిడ్డను ఖాయం చెయ్యడానికా, ఆశ వదులుకోమని చెప్పడానికా? వదిన నిజమే చెప్పి ఉండవచ్చు. ఆమెకొక మాట, నాకొక మాట చెప్పి ఇద్దరిలో ఎవరు ఏం చేస్తారో చూద్దామనుకుందేమో, అదీ అత్తకు చేతకాని పని కాదు. ఎంత ఆలోచించినా తేలదు. ఆమె పెట్టెలో గౌన్లు నా చేతికి వచ్చాయి. బుజ్జి పెద్దదయ్యాక ఈ ఇంట్లోనే తొడుక్కుంటుంది.

ఇంత అప్రమత్త హృదయం, ఇంత నిద్రలేని వాత్సల్యం మా వంశంలో మళ్లీ పుట్టదు. ఆ స్థానం పూడ్చగలవారు లేరు. రేపు నొప్పులొస్తే ఆసుపత్రి తలుపు దగ్గర కాపలా ఎవరు నిలబడతారు? పుట్టిన బిడ్డ ముఖం చూసి, నర్సు ముఖం చూసి, మళ్లీ బిడ్డ ముఖం చూసి, "ఇది మనదే" అని ఎవరు చెబుతారు? నేను నొప్పులు పడుతున్నంతసేపు బుజ్జిని ఎవరి దగ్గర ఉంచాలి? మా అమ్మ వస్తానంటోంది. షమీమక్క తన దగ్గర ఉంచమంటోంది. వదిన కూడా కబురు పంపింది. అందరూ మంచివాళ్లే. ఒక్కొక్కరి పేరూ తలచుకుంటాను, ఒక్కరి మీదా మనసు కుదరదు. బతికి ఉన్నన్నాళ్లూ ఎవరి చేతుల్లోంచి నా బిడ్డను లాక్కోవాలని చూశానో, ఇవాళ ఆ చేతులు తప్ప నాకు ఇంకెవరి చేతులూ గుర్తుకు రావడం లేదు. అత్తా, నువ్వు ఒక్కసారి రా. నీకైతే ఇస్తాను.